ఆగమన్నా ఆగని ప్రోగ్రాం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మంచి ప్రోగ్రాం అంటే ఆగని ప్రోగ్రాం. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఇలాంటి నమ్మకాలు నాలుగైదు ఉంటాయి. ఒక్కొక్కటి పోవడానికి కొంత పరువు ఖర్చవుతుంది. ఈ నమ్మకం పోవడానికి నాకు ఒకే ఒక్క పూట పట్టింది కానీ, ఆ పూట ఖర్చయిన పరువు మాత్రం బందరు రోడ్డు పొడవునా పరిచినా ఇంకా కాస్త మిగిలేది.

ఇంజినీరింగ్ అయ్యాక నా తోటివాళ్ళంతా హైదరాబాదు, బెంగళూరు అంటూ రైళ్ళెక్కేస్తే నేను మాత్రం విజయవాడలోనే ఉండిపోయాను. (ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే అమ్మని ఒక్కదాన్ని వదిలి వెళ్ళలేకపోయానని చెప్పేదాన్ని. నిజానికి ఇంటర్వ్యూల్లో ఎవరూ తీసుకోలేదు.) గవర్నరుపేటలో స్టీలు సామాన్ల కొట్టు పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుంటే అందులో చేరాను. మనుషులం నలుగురం, కుర్చీలు మూడు. కింద కొట్లో బిందె జారి పడ్డప్పుడల్లా పైన మేమంతా ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఆఫీసు యజమానికి మేం పెట్టుకున్న పేరు ‘అయిపోయింది సారు’. పని ఇచ్చినవాళ్ళు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే, మొదలుపెట్టని పనైనా సరే, ‘‘అయిపోయిందండీ, ఫైనల్ టచప్‌లో ఉందండీ’’ అనేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం కూడా అలాంటిదే. ‘‘చూడమ్మా, ఏం జరిగినా సరే మన సాఫ్ట్‌వేర్ తప్పు అని మాత్రం నోటంట రాకూడదు. సర్వర్ బిజీ అనాలి. అది ఎవరినీ నొప్పించని మాట.’’

నాకు అప్పగించిన మొదటి సొంత పని పటమట వైపున్న ఒక కోచింగ్ కాలేజీది. ఆ కాలేజీలో పిల్లలు రోజూ వస్తున్నారో లేదో తల్లిదండ్రులకి తెలియాలి. పొద్దున పదింటికి హాజరు తీసుకోవడం పూర్తయ్యాక, రానివాళ్ళ పేర్లున్న ఫైలుని నా ప్రోగ్రాంకి ఇస్తే, అది ఒక్కొక్కరి ఇంటికీ మెసేజ్ పంపాలి. రెండు సెకన్లకొకటి చొప్పున, నెమ్మదిగా. పైథాన్‌లో రాశాను. మెసేజ్ కూడా నా రచనే: ‘మీ అబ్బాయి/అమ్మాయి ఈ రోజు కాలేజీకి హాజరు కాలేదు’. (ఆ గీతకి అటూ ఇటూ ఉన్న ఇద్దరిలో ఎవరో తల్లిదండ్రులే తేల్చుకుంటారులే అనుకున్నాను. బద్ధకానికి కూడా ఒక శైలి ఉంటుంది.)

దాన్ని రోజూ నడిపే బాధ్యత హాజరు మాస్టారిది. బడిపంతులుగా రిటైరై, ఊరికే కూర్చోలేక ఈ కాలేజీలో చేరిన పెద్దమనిషి. చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు, నోటి నిండా ‘తల్లీ’. ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు నా కొంప ముంచింది. ప్రోగ్రాం నడుస్తుంటే నల్లటి విండోలో పేర్లు వరసగా పడుతుంటాయి కదా, ఆ పేర్లని ప్రిన్సిపాల్‌గారికి రాసే కాగితంలో కూడా వెయ్యాలి. ఆయనకి ఎవరో నేర్పారు, కంప్యూటర్లో ఏదైనా కాపీ చెయ్యాలంటే కంట్రోల్ సి నొక్కాలని. అన్నిచోట్లా అది నిజమే. ఆ నల్ల విండోలో మాత్రం కంట్రోల్ సి అంటే కాపీ కాదు, నడుస్తున్నదాన్ని ఆపేయమని. మాస్టారు పేర్ల మీద మౌసు లాగి, శ్రద్ధగా కంట్రోల్ సి నొక్కేవారు. ప్రోగ్రాం చచ్చిపోయేది. అయ్యో ఆగిందే అని మళ్ళీ మొదలుపెట్టేవారు. అది మొదటి పేరు నుంచి మొదలయ్యేది. ఆయన మళ్ళీ కాపీ చేసేవారు.

అలా ఒకరోజు రానివాళ్ళలో మొదటి పేరు గల కుర్రాడి తండ్రి ఉయ్యూరు నుంచి నేరుగా నాకే ఫోన్ చేశాడు. (నంబరు మాస్టారే ఇచ్చారట, చదువుకున్న పిల్ల, బాగా చెబుతుందని.) ‘‘ఏమండీ, మావాడు రాలేదని తొమ్మిదిసార్లు చెప్పారండి. నేను మొదటిసారికే నమ్మానండి. వాడికి జొరం. నా పక్కనే పడుకునున్నాడు. ఇంకెన్నిసార్లు చెబుతారో చెబితే ఫోను పక్కన పెట్టుకుని పొలం ఎళ్ళొస్తానండి’’ అన్నాడు. నేను ‘‘సర్వర్ బిజీ అండీ’’ అన్నాను. ‘‘బిజీగా ఉన్నదానికి తొమ్మిదిసార్లు పంపే తీరిక ఎక్కడిదండీ?’’ అన్నాడాయన. కృష్ణా జిల్లా రైతు దగ్గర ఈ మాటలు చెల్లవు.

అప్పుడు కూర్చుని సిగ్నళ్ళ గురించి చదివాను. నడుస్తున్న ప్రోగ్రాంలకి ఆపరేటింగ్ సిస్టం అప్పుడప్పుడు కబుర్లు పంపుతుంది. వాటినే సిగ్నళ్ళంటారు. కంట్రోల్ సి నొక్కితే ఒక కబురు, విండో మూసేస్తే ఒక కబురు, ‘దయచేసి ముగించు’ అని మర్యాదగా అడిగే కబురు ఇంకొకటి. మనం ఏమీ చెప్పకపోతే ప్రోగ్రాం ఆ కబురు అందగానే ఉన్నపళంగా ప్రాణం వదిలేస్తుంది. అలా కాకుండా, ఫలానా కబురొస్తే ఫలానా పని చెయ్యి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. పైథాన్‌లో అయితే నాలుగు లైన్లు చాలు. ఇది చదువుతుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు శకునాలు నమ్మకూడదని చెప్పినప్పుడు అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది అమ్మే. సోమవారం పొద్దున నేను గడప దాటుతుంటే ఎవరైనా తుమ్మారంటే మాత్రం వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించి అప్పుడు పంపేది. సిగ్నల్ వ్యవహారమంతా ఇదే. తుమ్ము ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఏం చెయ్యాలో మాత్రం ముందే తెలుసు, ఆ పని కానిచ్చి మళ్ళీ మన దారిన మనం పోతాం.

ఇంత చక్కగా అర్థం చేసుకున్నదాన్ని, రాసేటప్పుడు మాత్రం నా బుద్ధి పోనిచ్చుకోలేదు. నేను రాసినదాంట్లో కూర్చోవడమూ లేదు, మంచినీళ్ళూ లేవు. తుమ్మినవాళ్ళని కసిరి ముందుకు పోవడం ఒక్కటే ఉంది. కంట్రోల్ సి నొక్కితే తెర మీద ‘క్షమించండి, పని పూర్తయ్యేవరకు ఆగడం కుదరదు’ అని వస్తుంది, ప్రోగ్రాం సాగిపోతుంది. రెండ్రోజులకి మాస్టారు పొరపాటున విండోనే మూసేశారు. దానికీ అదే మందు వేశాను. ఆ తర్వాత ఎవరో ‘ముగించు’ అనే బటన్ ఒకటుందని ఆయనకి చూపించారు. దాని నోరూ మూయించాను. ఆ సాయంత్రం అయిపోయింది సారు ముందు నిలబడి, ‘‘ఇక పిడుగు పడ్డా ఆగదు సార్’’ అని ప్రకటించాను. ఆయన ఎంత మురిసిపోయారంటే అప్పటికప్పుడు కాలేజీకి ఫోన్ చేసి, ‘‘మా అమ్మాయి రాసిన ప్రోగ్రాం, ఆపుదామన్నా ఆగదండీ’’ అని చెప్పారు. ఆయన సర్వీసులో అబద్ధం కలవని మాట బహుశా అదొక్కటే. నేను మాస్టారికి కూడా ఓపిగ్గా నేర్పాను, కంట్రోల్ సి అంటే కాపీ కాదు, ఆపడం అని. ఆయన ఎర్ర పెన్నుతో రాసుకున్నారు.

నాలుగు వారాలు హాయిగా గడిచాయి. ఐదో వారం ఒక సోమవారం, పది దాటి ఇరవై నిమిషాలైందేమో, మాస్టారు ఫోన్ చేశారు.

‘‘తల్లీ, చిన్న పొరపాటు జరిగిందమ్మా. రానివాళ్ళ ఫైలు బదులు అందరి ఫైలూ ఇచ్చాను. ఒకదాని పేరు హాజరు ఫైనల్, ఇంకోదాని పేరు హాజరు ఫైనల్ ఫైనల్. నేను ఫైనల్ ఒకటి తక్కువ చూశాను.’’

‘‘అందరూ అంటే?’’

‘‘పదకొండు వందలమంది. ఏ అక్షరం వాళ్ళకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు బి నడుస్తోంది.’’

‘‘అయ్యో, కంట్రోల్ సి నొక్కండి మాస్టారూ!’’

‘‘నువ్వు చెప్పినట్టే నొక్కానమ్మా. క్షమించండి, కుదరదు అంటోంది.’’

‘‘మళ్ళీ నొక్కండి’’ అన్నాను, అదేం చెబుతుందో నాకన్నా బాగా ఎవరికీ తెలియకపోయినా.

‘‘ఎనిమిదిసార్లు నొక్కాను. ఎనిమిదిసార్లూ క్షమాపణ చెప్పింది. మర్యాదకేం లోటు చెయ్యట్లేదు తల్లీ.’’

విండో మూసేశారట. ఇప్పుడేమీ కనబడటం లేదు, ఆగినట్టేనా అని అడిగారు. ఆగలేదని నాకు తెలుసు, కనబడకుండా పోయిందంతే. ఇప్పుడు చీకట్లో తన పని తాను చేసుకుపోతోంది. కరెంటు తీసెయ్యమన్నాను. ఆయన వెళ్ళి మెయిన్ ఆఫ్ చేసి వచ్చి, ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆగాయి, కంప్యూటరు మాత్రం వెలుగుతూనే ఉందన్నారు. పోయిన నెలే కొత్త యూపీఎస్ పెట్టించారు. అది పెద్ద బీరువా వెనకుంది. బీరువా కదపాలంటే నలుగురు కావాలి. నేను ఫోన్ పెట్టేసి, చున్నీ ఎటు పోతోందో కూడా చూసుకోకుండా మెట్లు దిగి, కనబడ్డ మొదటి ఆటో ఎక్కేశాను. (ఇంటర్నెట్ వైరు పీకెయ్యమంటే సరిపోయేది కదా అని మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి అనుకుంటూ ఉంటారు. నాకా ఆలోచన సగం దారిలో వచ్చింది. అప్పటికి మాస్టారి ఫోను కలవడం మానేసింది. ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న తల్లిదండ్రులంతా ఆయనకే చేస్తున్నారు.)

ఆటో ఆయనకి నలభై ఐదేళ్ళుంటాయి. అద్దం పక్కన ఒక ఆడపిల్ల ఫొటో అతికించి ఉంది. రెండు జడలు, చేతిలో బడిలో ఇచ్చిన కప్పు, కప్పు కన్నా పెద్ద నవ్వు. నేను కాలేజీ పేరు చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ‘‘మా అమ్మాయి అక్కడేనండి చదివేది. చల్లపల్లిలో కౌలు వ్యవసాయం వదిలేసి దీని చదువు కోసమే వచ్చేశామండి. డాక్టరవుద్దంటండి. పొద్దున నేనే గేటు దగ్గర దించొచ్చా’’ అంటూ పిల్ల పేరు, టెన్తులో వచ్చిన మార్కులు, లెక్కల మాస్టారు మెచ్చుకున్న వైనం అన్నీ చెప్పుకొచ్చాడు. పిల్ల పేరు కె అక్షరంతో మొదలవుతుంది. నేను లెక్కేసుకున్నాను. నా ప్రోగ్రాం ఈపాటికి హెచ్ దాటి ఉంటుంది. మామూలుగా లెక్కల్లో నేనంత చురుకైనదాన్ని కాదు, ఆ రోజు మాత్రం ప్రాణభయంతో సరిగ్గానే వచ్చింది. బెంజి సర్కిల్ ఇంకా రానేలేదు, ఆయన జేబులో ఫోన్ మోగింది.

ఆయన ఆటో పక్కకి తీసి చదువుకున్నాడు. చాలాసేపు చదివాడు, అంత చిన్న మెసేజ్‌ని. తర్వాత నాతో కాదు, ఆ ఫొటోతో అన్నట్టు, ‘‘నేనే దించాను కదా. గేటు లోపలికెళ్ళడం చూళ్ళేదు. ఎనకాల బస్సోడు హారన్ కొడతన్నాడని వచ్చేశా’’ అన్నాడు. ‘‘ఎక్కడికి పోయుంటదమ్మా?’’ అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆ భయం కోపం అయిపోయింది. ‘‘ఇవాళ్టితో సరి. చదువూ వద్దు, ఏమీ వద్దు. సాయంత్రం బస్సుకే చల్లపల్లి తీసుకెళ్ళి వాళ్ళమ్మమ్మ దగ్గర దించేస్తా. అక్కడే పడుంటది.’’

అయిపోయింది సారు నేర్పిన మాట నాలిక చివరిదాకా వచ్చింది. సర్వర్ బిజీ. కానీ ఆ మనిషి మొహం చూస్తూ ఆ మాట అనబుద్ధి కాలేదు. ‘‘ఏమండీ, ఆ మెసేజ్ తప్పండి. అది పంపే ప్రోగ్రాం రాసింది నేనేనండి. పొరపాటున అందరికీ వెళ్ళిపోతోంది. దాన్ని ఆపడానికే పరిగెడుతున్నాను’’ అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. రెండు కాళ్ళకీ ఒకే జత చెప్పులున్నాయా లేదా అని నాకే అనుమానం వచ్చింది. ‘‘మీరు రాశారా? కాలేజీ పేరుతో వచ్చిందే?’’

‘‘కాలేజీ కోసం నేనే రాశానండి. అందరికీ వెళ్తున్నాయి.’’

‘‘అందరికీ వెళ్ళేదైతే నాకెందుకొస్తదమ్మా?’’

అంటూనే ఆయన ఆటోని గాల్లోకి లేపినంత పని చేశాడు. బెంజి సర్కిల్ దాటుతుండగా ఆయన ఫోన్ మళ్ళీ మోగింది. అదే మెసేజ్. పటమట చేరబోతుండగా మూడోసారి మోగింది. ‘‘ఒకసారంటే పొరపాటనుకుందాం. మూడుసార్లు చెబుతున్నారంటే నిజం కాకపోతే ఎందుకు చెబుతారమ్మా?’’ అని అరిచాడు ఆటో రొదలో. ఆ ఊపుకి ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో చున్నీ పట్టుకుని నేనూ అరిచాను. ‘‘మీ అమ్మాయి క్లాసులోనే ఉందండి! నాదీ హామీ! లేకపోతే నన్నడగండి!’’ ఆ పిల్లని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆ క్షణాన నా మాట మీద నాకు ఎంత నమ్మకమంటే, ఆయనకి కూడా కొంచెం అంటుకుంది. వేగం తగ్గించలేదు కానీ అరవడం మానేశాడు.

కాలేజీ గేటు ముందు తిరనాళ్ళలా ఉంది. వంటింట్లోంచి ఉన్నపాటున వచ్చేసిన తల్లి ఒకావిడ చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది. ఎప్పుడూ చీమని కూడా పోనివ్వని వాచ్‌మన్ గేటు బార్లా తీసేసి తన ప్రాణం తాను దక్కించుకునే పనిలో ఉన్నాడు. నేను మూడో అంతస్తుకి పరిగెత్తాను, ఆటో ఆయన నా వెనకే. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టారు. నేను కూర్చుని, చీకట్లో నడుస్తున్న నా ప్రోగ్రాంని వెతికాను. ఒకటి కాదు, మూడున్నాయి. ‘‘మళ్ళీ మొదలుపెడితే పాతది ఆగుతుందేమోనని ఇంకో రెండుసార్లు నొక్కి చూశాను తల్లీ’’ అన్నారు మాస్టారు చిన్నగా.

సిగ్నళ్ళలో తొమ్మిదో నంబరుది ఒకటుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, కాదనలేదు. అది అడగడం కాదు, తీసుకుపోవడమే. చదివినప్పుడు ఇంత కఠినమైనది ఎవరికి పనికొస్తుందిలే అనుకుని పేజీ తిప్పేశాను. ఇప్పుడు సొంతబిడ్డలాంటి ప్రోగ్రాం మీదకి మూడుసార్లు నేనే పంపాను. మూడూ పోయాయి, ఈసారి క్షమాపణ చెప్పకుండా. చివరి మెసేజ్ ఆర్ అక్షరం మధ్యలో ఉంది. ఎస్ నుంచి జెడ్ దాకా ఉన్న తల్లిదండ్రులు ఆ రోజు ప్రశాంతంగా భోంచేశారు. (కోచింగ్ కాలేజీల్లో సగంమంది పేర్లు సాయితోనే మొదలవుతాయి కాబట్టి నష్టం మీరనుకున్నంత లేదు.)

హమ్మయ్య అని వెనక్కి వాలబోతుంటే, మాస్టారు ‘‘అసలు రానివాళ్ళు నలుగురేనమ్మా’’ అంటూ కాగితం నా ముందు పెట్టారు. రెండో పేరు కె అక్షరంది. ఆటో ఆయన దారిపొడవునా నాకు చెప్పిన పేరు. ఇంటిపేరుతో సహా.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ‘‘ఆగిందా అమ్మా?’’ అని అడిగాడు. ఆగిందన్నాను. ‘‘అయితే మీరన్నదే నిజమన్నమాట. అందరికీ పోయింది. కింద వాళ్ళూ అదే అంటన్నారు’’ అన్నాడు. మొహంలో కోపం కరిగిపోయి, దాని చోట సిగ్గులాంటిది వచ్చింది. ‘‘మా పిల్లని తిట్టుకున్నానమ్మా. ఒక్కసారి కంటితో చూసి ఎళ్ళిపోతా. ఉంది కదా లోపల?’’

నా చేతిలో కాగితం ఉంది. మూడేళ్ళ అనుభవం ఉన్నదాన్నయితే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో. నేను కిటికీలోంచి కిందకి చూశాను. అప్పుడే గేట్లోంచి, ఆ జనం మధ్యలోంచి, రెండు జడల పిల్ల ఒకతి పుస్తకాల సంచీ గుండెలకి హత్తుకుని లోపలికి జారుకుంటోంది. ఫొటోలో ఉన్నదే. నవ్వు మాత్రం లేదు. ‘‘ఉందండి. మీరిక్కడే ఉండండి, నేను తీసుకొస్తా’’ అన్నాను. అది అబద్ధమని నేనిప్పటికీ ఒప్పుకోను. నేనా మాట అనేసరికి ఆ పిల్ల గేటు దాటి లోపలికి రెండడుగులు వేసింది.

మెట్ల మీద దొరికింది. చుడీదార్ మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నేనెవరో చెప్పకుండానే ఎక్కడికెళ్ళావని అడిగాను. అది కూడా నేనెవరో అడక్కుండానే ఏడుపు మొదలుపెట్టింది. ‘‘ఘాట్‌కెళ్ళానక్కా. ఇవాళ ఫిజిక్స్ టెస్టు. అయిపోయే టైముకి వచ్చేద్దామనుకున్నా. పోయిన టెస్టులో ఎనిమిది మార్కులొచ్చాయి. నాన్న ఏమీ అన్లేదక్కా. సర్లే అమ్మా అన్నాడు. అట్టా అంటేనే భయమేసింది.’’ ఒక్కతే మెట్ల మీద కూర్చుని, కృష్ణలో కాళ్ళు పెట్టుకుని, టెస్టు ఎప్పుడైపోతుందా అని చూసిందట. నాకు ఆ పిల్లని తిట్టాలనిపించింది, కానీ ఆ ఉదయం ఒకరిని తిట్టే అర్హత నాకే ఉంటే విజయవాడలో అందరికీ ఉన్నట్టే.

‘‘చూడు, నాన్నకి నువ్వే చెప్పాలి. ఇప్పుడు కాదు, సాయంత్రం. ఆయన అన్నం తిన్నాక’’ అన్నాను.

‘‘చెప్పకపోతే?’’

‘‘చెప్పకపోతే నేను మెసేజ్ పంపుతా’’ అన్నాను. నా ప్రోగ్రాం వల్ల భయపడాల్సిన మనిషి భయపడటం అదే మొదటిసారి.

పైకి తీసుకెళ్ళాను. ఆటో ఆయన కూతుర్ని చూశాడు, తల మీద చెయ్యి వేశాడు. ‘‘టిఫిను తిన్నావా?’’ అని అడిగాడు. అది తలూపింది. ‘‘సరే, క్లాసుకి పో’’ అని మెట్లు దిగిపోయాడు. నేను వెంటపడి డబ్బులిస్తుంటే తీసుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి జరిగిందంతా చెబితే, కూర వడ్డిస్తూ తేలిగ్గా అంది. ‘‘అదేంటే, మేం డ్యూటీ దిగేటప్పుడు ఉన్నపళంగా దిగిపోతామా? అలాగని రిలీవర్ వచ్చినా దిగనని మొండికేస్తామా? చేతిలో ఉన్న ఇంజక్షన్ ఇచ్చేసి, ఏ మంచం దగ్గర ఆగామో పుస్తకంలో రాసి దిగుతాం. తర్వాత వచ్చినమ్మ ఆ పక్క మంచం నుంచి మొదలెడుతుంది.’’ మర్నాడు ప్రోగ్రాంని అచ్చంగా అలాగే తిరగరాశాను. ఆపమని ఎవరడిగినా, ఆగమన్నారని గుర్తు పెట్టుకుంటుంది. చేతిలో ఉన్న ఒక్క మెసేజ్ పూర్తి చేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుని ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెడితే అక్కణ్ణుంచే. ఇక మాస్టారు ఎన్నిసార్లు కాపీ చేసుకున్నా ఎవరికీ రెండో మెసేజ్ వెళ్ళలేదు. నా ఉద్యోగం పోతుందనుకున్నాను కానీ పోలేదు. అయిపోయింది సారు ఆ నెలంతా మిగతా కాలేజీలకి ఫోన్లు చేసి, ‘‘మా మెసేజ్ వెళ్ళిన అరగంటలో పేరెంట్స్ అందరూ గేటు ముందు ఉన్నారండీ. అంత రెస్పాన్స్ ఇంకెవరిస్తారండీ’’ అని చెప్పుకున్నారు. రెండు కాలేజీలు చేరాయి కూడా.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు నుంచి దిగేసరికి స్టీలు కొట్టు ముందు ఆ ఆటో ఆగి ఉంది. ‘‘ఎక్కండమ్మా, ఇంటి దగ్గర దింపుతా’’ అన్నాడాయన. కొంతదూరం పోయాక, అద్దంలోంచి నన్ను చూస్తూ, ‘‘మీ కంప్యూటరు నిజమే చెప్పిందటగా అమ్మా. అబద్ధం చెప్పింది మీరే’’ అన్నాడు.

నేను సీట్లో ఎంత చిన్నగా అవ్వచ్చో అంత చిన్నగా అయ్యాను. ‘‘అమ్మాయి చెప్పిందాండీ?’’

‘‘ఆరోజు రాత్రే చెప్పింది. అన్నం తిన్నాక. ఫిజిక్స్ మాస్టారితో మాట్లాడానమ్మా, సాయంత్రాలు విడిగా చెబుతానన్నాడు. చదువు మానిపించనులే, ఏడవకే అన్నాను.’’

‘‘నన్ను క్షమించండి. నేను హామీ ఇచ్చేటప్పటికి నాకు నిజంగా తెలియదండి. పైకొచ్చాకే తెలిసింది.’’

ఆయన నవ్వాడు. ‘‘నాకు అక్కడే తెలిసిందమ్మా. మోకాళ్ళ దాకా తడిసుంది. మూడో అంతస్తు క్లాసులో అన్ని నీళ్ళెక్కడివి? నోటిదాకా వచ్చింది. కానీ మీరు ఆటోలో అంత గట్టిగా హామీ ఇచ్చారు గదా. నలుగురి ముందు పరాయింటి ఆడపిల్ల మాట పోగొట్టడం ఎందుకులే అని మింగేశా. సాయంత్రానికి కోపం దిగిపోయింది. అప్పుడే అని ఉంటే ఏం అనేసేవాడినో నాకే తెలవదు.’’

ఆ తర్వాత ఆయనకి ట్రాఫిక్ పట్టింది. నా మాట నిలబెట్టడానికి ఒక తండ్రి తన మాట మింగేశాడని, అదీ నా పేరైనా తెలియకుండా, ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి ఏడ్చాను.

ఇప్పుడు నాకు ముప్పై ఏడు. నా చేతికింద పదిమంది పనిచేస్తున్నారు. వాళ్ళెవరైనా సిగ్నళ్ళ దగ్గర తప్పటడుగు వేస్తే హాజరు మాస్టారి కథ చెప్పి నవ్విస్తాను. ఆటో కథ చెప్పను. పనిచ్చినవాళ్ళు ఇది కచ్చితంగా పనిచేస్తుందా, మీదీ హామీనా అని అడిగితే, ‘‘ఒకసారి చెక్ చేసి చెబుతానండి’’ అంటాను. అదే సరైన జవాబు, పద్నాలుగేళ్ళలో ఆ జవాబు వల్ల నాకు ఏ నష్టమూ రాలేదు. కానీ ఒక్కోసారి ఆ మాట అనేశాక, బెంజి సర్కిల్ దగ్గర చున్నీ ఒక చేత్తో పట్టుకుని, కంటితో చూడని పిల్ల గురించి ముక్కూమొహం తెలియని మనిషికి గొంతు చించుకుని హామీ ఇచ్చిన ఆ తెలివితక్కువది గుర్తొస్తుంది. అంత తప్పుడు హామీ ఇవ్వగల ధైర్యం ఇప్పుడు నాలో లేదు. ఎవరైనా దాన్ని అంత జాగ్రత్తగా కాపాడతారని కూడా ఇప్పుడు అనుకోను.